యూనిట్టు ఒకటే, లెక్కలు వేరు

పిల్లలూ! పోయిన నెల ఈ పేజీలో కరెంటు మీటరు చూడడం ఎలాగో చెప్పుకున్నాం. మీలో చాలామంది ఈపాటికి మీ ఇంటి మీటరు చూసి, అంకెలు రాసుకునే ఉంటారు. ఈ నెల ఆ అంకెలు పట్టుకుని కొంచెం దూరం పోదాం. నార్వే దాకా పోయి, లడఖ్ మీదుగా తిరిగి, మన అనంతపురానికీ కోనసీమకూ వద్దాం.

ముందుగా ఒక ప్రశ్న. ఎవరూ లేని గదిలో దీపం వెలుగుతున్నదనుకోండి. దాన్ని ఆర్పమని ఇంట్లో అమ్మ చెబుతుంది, బడిలో మాష్టారు చెబుతారు. డబ్బు మిగులుతుంది, గాలిలోకి పోయే పొగ తగ్గుతుంది. రెండూ నిజమే. అయితే, ఒక దీపం ఆర్పినందువల్ల కలిగే మేలు ప్రపంచంలో అన్ని చోట్లా ఒకే మాదిరిగా ఉంటుందా?

ఉండదు. ఎందుకు ఉండదో తెలుసుకోవాలంటే రెండు విషయాలు విచారించాలి. ఒకటి, మన ఇంటికి వచ్చే కరెంటు ఎక్కడ పుడుతున్నది? రెండు, అది మన ఊళ్ళో ఏ పనికి ఎక్కువగా ఖర్చవుతున్నది? ఈ రెండు ప్రశ్నలకు జవాబులు ఊరూరికీ మారతాయి. అంచేత పొదుపు చెయ్యవలసిన చోటు కూడా మారుతుంది.

యూనిట్టు అంటే ఏమిటో మరొకసారి జ్ఞాపకం చేసుకుందాం. 1000 వాట్ల కరెంటును ఒక గంటసేపు వాడితే ఒక యూనిట్టు అవుతుంది. పది వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఒక యూనిట్టుతో నూరు గంటలు వెలుగుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బు 17 గంటలు కూడా వెలగదు.

ఇక ఆ యూనిట్టు పుట్టిన చోటికి పోదాం. గోదావరి ఒడ్డున రామగుండంలో పెద్ద విద్యుత్కేంద్రం ఉన్నది. అక్కడ సింగరేణి బొగ్గును పొడిచేసి కొలిమిలో మండిస్తారు. ఆ వేడికి నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి జోరుకు చక్రాలు గిర్రున తిరిగి కరెంటు పుడుతుంది. ఇలాంటి కేంద్రంలో ఒక యూనిట్టు కరెంటు తయారు చెయ్యడానికి ఇంచుమించు ముప్పాతిక కిలో బొగ్గు కావాలి.

బొగ్గు మండితే అందులోని కర్బనం గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. దీనినే మీ పాఠాల్లో కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఇక్కడ ఒక వింత ఉన్నది. మూడు కిలోల కర్బనం మండితే వచ్చే వాయువు మూడు కిలోలు కాదు, పదకొండు కిలోలు! మిగతా ఎనిమిది కిలోలూ గాలిలోంచి వచ్చి చేరిన ఆమ్లజని బరువన్నమాట. ఈ వాయువు కంటికి కనబడదు, వాసన ఉండదు. కాని భూమి నుంచి పైకి పోవలసిన వేడిని ఇది పట్టి ఉంచుతుంది. ఏటేటా గాలిలో ఇది ఎక్కువ కావడం మూలానే భూమి వేడెక్కుతున్నది.

మన దేశంలో బొగ్గు కరెంటే ఎక్కువ. అయితే దానితోపాటు నాగార్జునసాగరం, శ్రీశైలం వంటి చోట్ల నీటి నుంచి పుట్టే కరెంటూ, ఎండ నుంచీ గాలి నుంచీ పుట్టే కరెంటూ కూడా కలుస్తున్నాయి. అన్నీ కలిపి సగటు తీస్తే, మన దేశంలో ఒక యూనిట్టు వెనక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉన్నదని లెక్క. ఈ 700 అనే అంకెను గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఇప్పుడు నార్వేకు పోదాం. ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్న దేశం అది. ఎత్తయిన కొండలు, బోలెడంత వాన, మంచు. కొండల మీద నీరు లోయలలోకి దూకుతూ ఉంటుంది. నార్వే వారు ఆ నీటి చేత చక్రాలు తిప్పించి కరెంటు తీస్తారు. వారి కరెంటులో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీటి నుంచే వస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం గాలిమరలది. అంచేత అక్కడి యూనిట్టు వెనక ఉండే బొగ్గుపులుసు వాయువు, మన యూనిట్టు వెనక ఉన్నదానిలో పదోవంతు కూడా ఉండదు.

చూశారా! మన దేశంలో ఒక యూనిట్టు మిగిలితే 700 గ్రాముల వాయువు తగ్గుతుంది. నార్వేలో అదే యూనిట్టు మిగిలితే తగ్గేది అతి స్వల్పం. దీపం ఒకటే, మీట ఒకటే, ఆర్పిన చెయ్యి కూడా మన చెయ్యి లాంటిదే. ఫలితం మాత్రం వేరు.

అయితే నార్వే వారు దీపాలన్నీ వెలిగించి పెట్టి నిద్రపోవచ్చునా? అలా అనుకుంటే పొరపాటే. 2021 నుంచి నార్వేకు సముద్రం అడుగున రెండు పెద్ద కేబుళ్ళు పనిచేస్తున్నాయి. ఒకటి జర్మనీకి, రెండోది బ్రిటనుకు. బ్రిటను పోయే కేబులు పొడవు 720 కిలోమీటర్లు! జర్మనీలో కొంత కరెంటు ఇంకా బొగ్గు నుంచే వస్తున్నది. బ్రిటను తన చివరి బొగ్గు కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసివేసింది, కాని సహజవాయువును మండించే కేంద్రాలు అక్కడ ఉన్నాయి. నార్వేలో మిగిలిన కరెంటు ఈ కేబుళ్ళ ద్వారా పొరుగువారికి పోతే అక్కడ అంత బొగ్గు, అంత వాయువు మండించవలసిన అవసరం ఉండదు. తన ఇంట మిగిలింది పొరుగింట అక్కరకు వస్తుందన్నమాట.

ఇంతకూ నార్వేలో పొగ ఎక్కడినుంచి వస్తున్నది? కార్లు, ఓడలు, సముద్రంలో చమురూ వాయువూ తోడే వేదికలు, ఇవే అక్కడ ముఖ్యం. అందుకని వారు దీపాలకంటె ముందు బళ్ళను పట్టుకున్నారు. 2015లో ఒక ఫియర్డులో, అంటే కొండల నడుమకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలో, కార్లను దాటించే ఓడను బ్యాటరీతో నడిపారు. దాని పేరు ఆంపియర్. 2024లో అక్కడ కొన్న ప్రతి పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది కరెంటుతో నడిచేవే. నీటి కరెంటుతో కారు నడిస్తే పొగ ఎంత తగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నార్వే నుంచి మన దేశానికి తిరిగి వద్దాం. ఒకప్పుడు మన దేశంలో కరెంటు తీగెలు ప్రాంతాలవారీగా విడివిడిగా ఉండేవి. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురాల మధ్య వేసిన పెద్ద లైనుతో దక్షిణాది తీగెలు మిగతా దేశపు తీగెలతో ఏకమయ్యాయి. లడఖ్‌లోని లేహ్ పట్టణానికి 2019లో శ్రీనగరు నుంచి లైను వచ్చింది. కనక ఇప్పుడు మన దేశంలో ఏ ఊళ్ళో యూనిట్టు మిగిల్చినా అది ఒకే పెద్ద చెరువులో మిగిలినట్టే. మొదటి ప్రశ్నకు జవాబు హైదరాబాదులోనూ లేహ్‌లోనూ దాదాపు ఒకటే అయింది. కాని రెండో ప్రశ్న ఉన్నది చూడండి, కరెంటు ఏ పనికి ఖర్చవుతున్నదని? దాని జవాబు మాత్రం ప్రతి ఊరికీ వేరు.

లేహ్ పట్టణం 11,000 అడుగులకు పైన ఉన్నది. చలికాలం రాత్రి అక్కడ నీరు గడ్డకట్టడం మాట అటుంచి, చలి సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. అక్కడివారికి విసనకర్రతో పని లేదు. వెచ్చదనం కావాలి. దానికోసం కట్టెలు, పిడకలు, కిరసనాయిలు కాలుస్తారు. కాని ఆ ఊరికి ఒక భాగ్యం ఉన్నది. చలికాలంలో కూడా ఆకాశం నిర్మలంగా ఉండి పగలు ఎండ బాగా కాస్తుంది.

ఆ ఎండను గోడలో దాచుకునే ఉపాయం ఒకటి ఉన్నది. దక్షిణపు గోడను మందంగా కట్టి, బయటి వైపు నల్లరంగు వేసి, దానికి కొద్ది దూరంలో అద్దం నిలబెడతారు. ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి నల్ల గోడను వేడి చేస్తుంది. ఆ వేడి అద్దం దాటి అంత సులువుగా బయటికి పోలేదు. పగలంతా వేడెక్కిన గోడ రాత్రికి గదిలోకి మెల్లగా వెచ్చదనం వదులుతుంది. దీనిని వ్యాప్తిలోకి తెచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఫెలిక్స్ ట్రాంబ్ పేరు మీద దీన్ని ట్రాంబ్ గోడ అంటారు. లేహ్ దగ్గర షే గ్రామంలో ఉన్న డ్రూక్ వైట్ లోటస్ పాఠశాలలో ఇలాంటి గోడలు కట్టారు. కట్టె లేదు, కిరసనాయిలు లేదు, పొగ లేదు. పిల్లలు వెచ్చగా ఉండడానికి ఎండ సాయపడుతుంది.

ఆహా, ఎంత బాగుంది అని ఈ గోడను హైదరాబాదులో కడితే ఏమవుతుంది? మే నెలలో ఆ గదిలో కూర్చున్నవాడు ఆవిరి మీద ఇడ్లీ అయిపోతాడు! హైదరాబాదుకు కావలసింది దీనికి సరిగా తలకిందులు. ఇక్కడ ఎండను లోపలికి పిలవకూడదు, వాకిట్లోంచే తిప్పి పంపాలి. డాబా కప్పు మీద సున్నం గాని, తెల్లని రంగు గాని వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. కింది గది కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. రేకుల ఇళ్ళలో ఉండేవారికీ, పై అంతస్తులో ఉండేవారికీ ఇది పెద్ద మేలు. ఏ.సి. కొనగలవారికి కరెంటు మిగులుతుంది, కొనలేనివారికి రాత్రి నిద్ర పడుతుంది.

ఫ్యాను సంగతి కూడా చూడండి. మామూలు పాత ఫ్యానుకు సుమారు 75 వాట్లు కావాలి. బి.ఎల్.డి.సి. అనే కొత్తరకం మోటారు ఉన్న ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. హైదరాబాదులో ఒక ఫ్యాను రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు తిరిగిందనుకుందాం. పాతదానికి ఏడాదికి 270 యూనిట్లు, కొత్తదానికి 108 యూనిట్లు. మిగిలినవి 162. ఇందాకటి 700 గ్రాములతో హెచ్చవెయ్యండి. 113 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు తగ్గింది! అదే ఫ్యానును లేహ్‌లో పెడితే ఎంత తగ్గుతుంది? దాదాపు సున్నా. తిరగని ఫ్యాను ఏం మిగులుస్తుంది?

ఇప్పుడు మన పొలాల్లోకి వద్దాం. అనంతపురం ప్రాంతంలో వాన తక్కువ. నీరు కావాలంటే బోరులోంచి పైకి తోడాలి. నీరు 330 అడుగుల లోతున ఉన్నదనుకోండి. అంటే ఇంచుమించు 100 మీటర్లు. వెయ్యి లీటర్ల నీరు అంత ఎత్తుకు లేపడానికి, ఏమీ వృథా కాకపోతే, 0.27 యూనిట్టు చాలునని పదార్థశాస్త్రం చెబుతుంది. కాని ఏమీ వృథా చెయ్యని పంపుసెట్టు లోకంలో లేదు. అరిగిపోయిన పంపు, చుట్టిందే మళ్ళీ చుట్టిన మోటారు అయితే, పీల్చిన కరెంటులో నూటికి ముప్పై వంతులే పనికి వస్తుంది. అప్పుడు ఆ వెయ్యి లీటర్లకు 0.9 యూనిట్టు కావాలి. నూటికి యాభై వంతులు పనిచేసే మంచి పంపుకు 0.54 యూనిట్టు చాలు.

అంతటితో ఆగలేదు. నీటిని కాలవ తీసి పారించక, సన్నని గొట్టాలతో మొక్క మొదట్లో చుక్క చుక్కగా వదిలితే నీరే తక్కువ పడుతుంది. దీనినే బిందుసేద్యం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికోసం 2003లో ఒక పథకం ప్రారంభించారు. వెయ్యి లీటర్లు పట్టే చోట 600 లీటర్లతో పని జరిగిందనుకోండి. మంచి పంపుతో తోడితే ఖర్చయ్యేది 0.33 యూనిట్టు కంటె తక్కువే. 0.9 ఉన్నది 0.33 అయింది, అంటే మూడో వంతు! పైగా భూమిలోని నీరు భూమిలోనే మిగిలింది. వచ్చే ఏడు బోరు ఎండిపోతుందేమోనని బెంగపడే రైతుకు కరెంటు కంటె ఇదే ముఖ్యం.

మరి కోనసీమలో? అక్కడి రైతుకు ఈ లెక్కలు చెబితే నవ్వుతాడు. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పటి నుంచీ గోదావరి నీరు కాలవల వెంట పల్లానికి తనంత తానే వస్తున్నది. బోరు లేదు, మోటారు లేదు. పల్లానికి పోయే నీటికి కరెంటు ఎందుకు? కనక పంపులు మార్చి పొగ తగ్గించండని కోనసీమవారికి చెప్పడం, ఈత వచ్చినవాడికి తెప్ప ఇచ్చినట్టు ఉంటుంది.

అలా అని కోనసీమలో తగ్గించవలసింది ఏమీ లేదనుకోకండి. వరిచేలో ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుంది. నీటి కింద బురదకు గాలి అందదు. గాలి లేని చోట బతికే కొన్ని సూక్ష్మజీవులు ఆ బురదలో కుళ్ళిన ఆకూ అలమూ తిని మీథేను అనే వాయువును వదులుతాయి. చేలో నడిచినప్పుడు బుడబుడమని బుడగలు రావడం మీరు చూసే ఉంటారు. బరువుకు బరువు చూస్తే, నూరేళ్ళలో ఈ మీథేను బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడి చేస్తుంది.

దీనికీ ఒక ఉపాయం ఉన్నది. చేనును ఎల్లకాలం ముంచి ఉంచకుండా, మార్చి మార్చి తడిపి ఆరబెట్టాలి. బెజ్జాలున్న ఒక గొట్టాన్ని చేలో పాతి, లోపల నీరు నేలమట్టానికి ఆరంగుళాల కిందికి దిగేదాకా చూసి, అప్పుడు మళ్ళీ నీరు పెట్టాలి. పూతకు వచ్చినప్పుడు మాత్రం నీరు తగ్గనివ్వకూడదు. ఈ పద్ధతిని ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అనేక దేశాల్లో ప్రచారం చేసింది. సరిగా చేస్తే దిగుబడి తగ్గకుండా మీథేను దాదాపు సగం దాకా తగ్గుతుంది. అయితే దీనికి కాలవ నీరు కావలసినప్పుడు వచ్చి, వద్దన్నప్పుడు ఆగాలి. వానాకాలంలో పల్లపు చేలను ఆరబెట్టడం కష్టం. కనక ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు, ఆయకట్టంతా కలిసి చెయ్యవలసిన పని.

చూశారా, ఎన్ని ఊళ్ళకు ఎన్ని మందులో! నార్వేకు బ్యాటరీ ఓడ, లేహ్‌కు నల్ల గోడ, హైదరాబాదుకు తెల్ల కప్పు, అనంతపురానికి మంచి పంపు, కోనసీమకు ఆరే చేను. ఒకరి మందు ఒకరికి ఇస్తే పనిచెయ్యదు. జ్వరం వచ్చినవాడికీ కాలు విరిగినవాడికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుణ్ణి ఎవరూ మెచ్చుకోరు గదా!

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నార్వేలో తలకు ఏడాదికి 20,000 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. మన దేశంలో సుమారు 1,400. ఇది సగటు మాత్రమే. ఒక దీపం, ఒక ఫ్యాను తప్ప మరేమీ లేని ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటికి పోయి కరెంటు పొదుపు చెయ్యమని చెప్పడం న్యాయం కాదు. వారికి ఇంకొక దీపం కావాలి. పొదుపు చెయ్యగలిగే శక్తి ఎక్కువ ఉన్నవారి దగ్గరే ఎక్కువ ఉంటుంది. ఇది దేశాలకూ వర్తిస్తుంది, ఒకే వీధిలోని ఇళ్ళకూ వర్తిస్తుంది.

ఇక ఈ నెల మీరు చెయ్యవలసిన పని. ఒక కాగితం మీద మీ ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు, అన్నీ వరసగా రాయండి. ఒక్కొక్కటి ఎన్ని వాట్లదో దానిమీద రాసి ఉంటుంది. తెలియకపోతే పెద్దవారిని అడగండి, మీరు తీగెలు ముట్టుకోవద్దు. రోజుకు ఎన్ని గంటలు వాడతారో దాని పక్కన రాయండి. వాట్లను గంటలతో హెచ్చవేసి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. అన్నిటికంటె పెద్ద అంకె దేనికి వచ్చిందో దాని కింద గీత గియ్యండి. మీ ఇంటి పొదుపు అక్కడినుంచి మొదలు కావాలి.

పల్లెలో ఉన్నవారు మరొక పని కూడా చెయ్యవచ్చు. మీ ఊరి బోర్లలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో, పదేళ్ళ కిందట ఎంత లోతున ఉండేదో తాతయ్యనో, నాన్ననో అడిగి రాసుకోండి. రెండు అంకెలకూ తేడా ఎంతో చూడండి. ఆ తేడా ఎంత పెరిగితే అంత ఎక్కువ కరెంటు, అంత ఎక్కువ బొగ్గు.

ఆ కాగితాలు దాచి ఉంచండి. వచ్చే నెల, గాలిమరలు కొన్ని కొండల మీదనే ఎందుకు తిరుగుతాయో చెప్పుకునేటప్పుడు వాటితో మళ్ళీ పని ఉన్నది.